తోడల్లుడి చీటీలు

మొన్న ఆదివారం పొద్దున గన్నవరం నుంచి ఒక డ్రిల్లు మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అక్కడ కొత్తగా బాల్ బాడ్మింటన్ క్లబ్బు పెట్టారట. కోర్టు ఉంది, నెట్టు ఉంది, అయిదుగురూ బాగానే ఆడుతున్నారు, కాని ఎన్ని మ్యాచీలు గెలిచినా పేపర్లో ఒక్క లైను పడటం లేదు. "ఈ విషయంలో మీకు మంచి అనుభవం ఉందని చెప్పారండీ. విలేకర్లతో ఎలా మెలగాలో నాలుగు ముక్కలు చెబితే రాసుకుంటాను" అంటూ జేబులోంచి పెన్సిలు తీశారు. నా సంగతి ఆయనకు ఎవరు చెప్పారో గాని, సగమే చెప్పి ఉంటారు. నేను బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసి, అందులో వరస నంబర్లు వేసి రాసుకున్న పదకొండు సూత్రాలూ చదివి వినిపించాను. ఆయన పదకొండూ శ్రద్ధగా రాసుకుని, కాఫీ తాగి, పదిన్నర బస్సుకు వెళ్ళిపోయారు. ఆ సూత్రాలన్నీ నిజమే, పనికొచ్చేవే. కాని వాటిని రాసినవాడు ఏ కడుపుమంటతో రాశాడో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

అవి యుద్ధం ఆఖరి రోజులు. మద్రాసులో ఓవర్సీరు కోర్సు ముగించుకుని బెజవాడ కాలువల ఆఫీసులో చేరి మూడేళ్ళయింది నాకు. మగ్గాల మీద బతికిన మా వంశంలో నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రానికి కన్ను ఆనించిన మొదటివాణ్ణి నేనే. కొలవడానికి వీల్లేని దేన్నీ నమ్మకూడదని అప్పట్లో గట్టిగా అనుకునేవాణ్ణి. కాలవగట్టు మీద మా క్లబ్బు కోర్టు నేనే టేపు పట్టి గీయించాను. నాలుగు మూలలూ లంబకోణాలే, అంగుళం తేడా లేదు. ఆట మాత్రం నాకు అబ్బలేదు. బంతి ఎక్కడ పడుతుందో లెక్క కట్టేలోపే అది పడిపోయి ఉండేది. అందుకని నన్ను సెక్రటరీని చేశారు. బాల్ బాడ్మింటన్ చూడనివాళ్ళకు ఒక మాట: అది ఈకల బంతి కాదు, పసుపుపచ్చని ఉన్నితో చుట్టిన చిన్న బంతి. పక్షానికి అయిదుగురు, గేముకు ఇరవై తొమ్మిది పాయింట్లు, మూడింట రెండు గేములు గెలిచినవాళ్ళది మ్యాచి. కృష్ణ మీద నుంచి గాలి లేచిందంటే ఆ ఉన్ని బంతి తన ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. గాలి పడేదాకా ఆటగాళ్ళందరూ బ్యాట్లు చంకన పెట్టుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చోవలసిందే.

ఒన్ టౌన్ లో బట్టల వర్తకుల కుర్రవాళ్ళకు ఇంకొక క్లబ్బు ఉండేది. దానికి కెప్టెనూ సెక్రటరీ రెండూ మా తోడల్లుడే. నేను ఇంటికి పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. నాకంటే రెండేళ్ళు చిన్న, బెత్తెడు పొడుగు, స్కూలు ఫైనలుతో చదువు ఆపి బట్టల కొట్లో కూర్చున్నాడు. నన్ను నోరారా "అన్నగారూ" అని పిలిచేవాడు. అలా పిలవకపోయినా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికేది. మా మామగారికి కంకిపాడులో చేనేత బట్టల కొట్టు. పొద్దున బస్సులో పేపరు రాగానే కొట్టు అరుగు మీద కూర్చుని బేరానికి వచ్చినవాళ్ళందరికీ పైకి చదివి వినిపించడం ఆయన అలవాటు. రష్యా, జర్మనీ వార్తలు ఒక్కసారి చదివేవారు. చిన్నల్లుడి క్లబ్బు వార్త మాత్రం రెండుసార్లు. పండక్కో పబ్బానికో నేను వెళ్ళినప్పుడు కళ్ళజోడు మీద నుంచి చూసి, "ఏమండీ అల్లుడుగారూ, మీవాళ్ళు ఈ మధ్య ఆడటం మానేశారా ఏమిటి?" అని అడిగేవారు. వెటకారం కాదు, నిజంగానే అడిగేవారు. పేపర్లో పడనిది జరగలేదని ఆయన నమ్మకం. దాన్ని తప్పుపట్టలేను, నేనూ కొలతలో పడనిది లేదనే కదా అనుకునేవాణ్ణి.

మద్రాసు నుంచి వచ్చే ఆ పేపరుకు బెజవాడలో విలేకరి ఒక సాయిబు గారు. వృత్తికి గడియారాలు బాగుచేసేవారు. కాలవ వంతెన దగ్గర, ఇద్దరు మనుషులు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సినంత కొట్టు. గోడ నిండా గడియారాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క టైము చూపిస్తూ ఉండేవి. ఒక్కటి మాత్రం సరైనది, అది స్టేషను గడియారంతో సరిపెట్టినది. ఎందుకంటే ఆయన వార్తలన్నీ కవరులో పెట్టి సాయంత్రం మద్రాసు మెయిలులో ఉండే తపాలా పెట్టెకు అందించాలి. ఆ బండి తప్పితే వార్త ఒక రోజు పాతదవుతుంది. కాగితం కరువులో పేపరు నాలుగు పేజీలకు కుదించుకుపోయిన రోజులవి, పాత వార్తకు ఎవరు చోటిస్తారు? మీటింగులకు ఆయన ఒక పద్ధతి పాటించేవారు. సభ మొదలుకాకముందే "సభ జయప్రదముగా జరిగినది" అని రాసేసి మెయిలుకు అందించేవారు. సభలన్నీ జయప్రదంగానే జరిగేవి కాబట్టి ఇబ్బంది రాలేదు. ఆటల వార్తలు మాత్రం చచ్చినా ముందు రాసేవారు కాదు. "ఆటా, ఆపరేషనూ, ఈ రెండూ అయిపోయాక చెప్పండి బాబూ" అనేవారు, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే.

ఆయన్ని మా వైపు తిప్పుకోవాలని నేను పడిన పాట్లే ఆ పదకొండు సూత్రాలు. ఒకటి, విలేకరికి తీరిక ఉన్న వేళ తెలుసుకోవాలి. మధ్యాహ్నం మూడు దాటాక, నాలుగు లోపల. రెండు, వార్త సిరాతో, కాగితానికి ఒకవైపే రాయాలి. మూడు, ఆటగాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా ఇవ్వాలి. ఇలా సాగేవి. నేను ఇచ్చే రిపోర్టులో పాయింట్ల పట్టిక, ఏ పాయింటు ఎవరు గెలిచారన్నదీ, గాలి ఏ దిక్కు నుంచి వీచిందన్నదీ కూడా ఉండేవి. సాయిబు గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, "అబ్బ, ఎంత చక్కగా గీశారండీ గీతలు!" అని మెచ్చుకుని పక్కన పెట్టేవారు. రెండో రోజు పేపర్లో ఏమీ ఉండేది కాదు. ఇదే కొట్లో మా తోడల్లుడు గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఏదో చెప్పి, సాయిబు గారిని నవ్వించి, ఒక చిన్న చీటీ ఇచ్చి పోయేవాడు. రెండో రోజుకల్లా అది అచ్చయ్యేది. అతను ఆయనకు ఏమిస్తున్నాడు, ఏం చెబుతున్నాడు అని నేను ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని గమనించిన రోజులున్నాయి. నాలుగు సాయంత్రాలు గమనించాను. ఏమీ ఇవ్వలేదు. నలభై ఏళ్ళ ముసలి గోడగడియారం గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నారు. అది చూసి పన్నెండో సూత్రం రాయబోయి, ఏం రాయాలో తెలియక పెన్ను మూసేశాను.

అంత అసూయలోనూ నాకొక ఊరట ఉండేది. ఆ ఆరు నెలల్లో మా క్లబ్బు గురించి అయిదు వార్తలు పడ్డాయి. చిన్నవే, కాని ఎంత బాగుండేవో! మా లెఫ్ట్ ఫ్రంట్ ఆడే కుర్రవాడి ఎడమచేతి దెబ్బను మెచ్చుకుంటూ ఒకటి, మావాళ్ళు ఓడిపోబోయి తేరుకున్న తీరు గురించి ఒకటి. నేను ఇచ్చిన పట్టికల్లోంచి ఒక్క అంకె కూడా అందులో లేకపోయినా, నా రిపోర్టులు చదివి సాయిబు గారు తన మాటల్లో రాశారనుకున్నాను. అయిదూ కత్తిరించి, స్కేలు పెట్టి అంచులు సరిచేసి, అట్ట మీద అంటించి మా మామగారికి చూపించాను. ఆయన చదివి, "చిన్నవాడివి ఎన్నయ్యాయి ఇప్పటికి?" అన్నారు. పధ్నాలుగయ్యాయని చెప్పవలసిన ఖర్మ నాకే పట్టింది, ఎందుకంటే వాటిని లెక్కపెడుతున్నది నేనొక్కణ్ణే.

ఆ చలికాలంలో మద్రాసులో పెద్ద టోర్నమెంటు ఒకటి ప్రకటించారు. ఊరికి ఒక్క జట్టునే పిలుస్తామన్నారు. దరఖాస్తుతో పాటు పత్రికల్లో పడిన వార్తల కత్తిరింపులు జతచేయాలి, వాటిని చూసి ఎంచుకుంటారు. దరఖాస్తు బుధవారం పోస్టులో పడాలి. అంతకు ముందు ఆదివారం సాయంత్రం మా క్లబ్బుకూ ఒన్ టౌన్ క్లబ్బుకూ ఊరి పోటీల ఫైనలు. గెలిచిన వార్త మంగళవారం పేపర్లో పడితే అయిదు కత్తిరింపులైనా పధ్నాలుగింటి మీద నెగ్గుతాయని నా లెక్క. మావాళ్ళెవరూ అంతవరకు మద్రాసు చూడలేదు. నాకు మద్రాసు కొత్త కాదు. నాకు కావలసింది కంకిపాడు అరుగు మీద ఒక్క పొద్దుట రెండుసార్లు చదివించుకోవడం.

అదృష్టం నావైపే తిరిగినట్టయింది. శనివారం సాయిబు గారికి కళ్ళకలక వచ్చింది. కళ్ళకు గుడ్డ కట్టుకుని కొట్లో కూర్చున్నారు. ఆటకు రాలేరు, మా తోడల్లుడేమో ఆడుతున్నాడు. నన్ను పిలిపించి, తెల్ల కాగితం అడుగున తడుముకుంటూ సంతకం చేసి, పేపరు వాళ్ళ కవరుతో సహా నా చేతిలో పెట్టారు. "ఆట అయ్యాక మీరే నాలుగు లైన్లు రాసి మెయిలుకి అందించండి ఓవర్సీరు గారూ. స్కోరు మీకంటే కచ్చితంగా రాసేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు" అన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు పులకరించింది. ఇంటికి వెళ్ళి ముందుజాగ్రత్తగా రెండు చిత్తుప్రతులు రాసుకున్నాను, గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, అంకెలకు ఖాళీలు వదిలి. గెలుపుది ఎనిమిది లైన్లు వచ్చింది. ఓటమిది రెండు.

ఆదివారం నాలుగున్నరకు మొదలవ్వాల్సిన ఆట గాలి వల్ల ముప్పావుగంట ఆలస్యమైంది. మొదటి గేము వాళ్ళది, రెండోది మాది. మూడో గేములో మావాళ్ళు విజృంభించారు. ఇరవై ఆరు – పంతొమ్మిది. ఇంక మూడు పాయింట్లు. గడియారం చూస్తే మెయిలుకు పాతిక నిమిషాలుంది, స్టేషనుకు సైకిలు మీద పదిహేను. స్కోరుబుక్కు మా ప్రెసిడెంటు ప్లీడరు గారి ఒళ్ళో పెట్టాను. ఆయన "ఇంకో అయిదు నిమిషాలు ఆగవయ్యా, అయిపోతుందిగా" అన్నారు. నేను ఆగలేదు. గట్టు కింద సైకిలు ఆనించి, సంతకం ఉన్న కాగితం మీద గెలుపు ప్రతి ఎత్తి రాశాను. మూడో గేము అంకెలు వేయవలసిన చోట ఒక్క క్షణం ఆగాను. ఇరవై తొమ్మిది – ఇరవై ఒకటి అని వేశాను. అవతలివాళ్ళకు రెండు పాయింట్లు అదనంగా ఇచ్చాను, న్యాయంగా ఉంటుందని. పుట్టి బుద్ధెరిగాక నేను కొలవకుండా వేసిన మొదటి అంకె అది.

కవరు తపాలా పెట్టెలో ఇచ్చి, ఈలపాట పాడుకుంటూ తిరిగివచ్చేసరికి కోర్టు దగ్గర మావాళ్ళు తలలు వంచుకుని నెట్టు విప్పుతున్నారు. ఇరవై తొమ్మిది – ఇరవై ఏడు. గెలిచింది వాళ్ళు. ఇరవై ఆరు దగ్గర మా తోడల్లుడు సర్వీసు అందుకుని, వరసగా ఎనిమిది కొట్టాడట. వాడు నన్ను చూసి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఎక్కడికెళ్ళారు అన్నగారూ? మీవాళ్ళు చంపేశారు మమ్మల్ని, చేతులు లేవడం లేదు" అన్నాడు. అప్పుడే సాయిబు గారి దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే ఆయన తంతి ఇచ్చి వార్త ఆపించేవారు. ఆ సంగతి నాకు తెలుసు. వెళ్ళలేదు. కాగితం కరువులో ఎనిమిది లైన్ల ఆట వార్త ఎవరు వేస్తారు, ఎప్పటిలాగే అవతల పారేస్తారు అని లెక్క వేసుకుని ఇంటికి వెళ్ళి పడుకున్నాను. సోమవారమంతా ఆఫీసులో కాలువ మట్టం కొలతలు రాస్తూ, రాసినవే మళ్ళీ రాశాను.

మంగళవారం పేపర్లో ఎనిమిది లైన్లూ పడ్డాయి, అక్షరం పోకుండా. ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. నేను దాన్ని కత్తిరించాను. దరఖాస్తు ఫారానికి అన్నిటికంటే పైన అంటించాను. సవరణ పడినా అది గురువారమో శుక్రవారమో పడుతుంది, ఈలోపు ఫారం పోస్టులో వెళ్ళిపోతుంది, మద్రాసువాళ్ళకు బెజవాడ కోర్టులో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? ఫారం సంచిలో పెట్టుకుని పోస్టాఫీసుకు బయలుదేరాను. వంతెన దాటుతుంటే గడియారాల కొట్లోంచి "ఓవర్సీరు గారేనా? ఇలా రండి" అని పిలుపు. కళ్ళకు గుడ్డ అలాగే ఉంది, నా సైకిలు చప్పుడు పోల్చుకున్నారు. లోపల మా తోడల్లుడు పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అప్పుడే పైకి చదివి వినిపించడం అయినట్టుంది.

సాయిబు గారు గొంతు పెంచలేదు. "ఓడిపోయారట కదా మీవాళ్ళు. అది ఊరంతా చూశారు. కాని ఈ ఇరవై ఒకటి ఎవరు లెక్కపెట్టారు బాబూ?" అని అడిగారు.

మా తోడల్లుడే కల్పించుకున్నాడు. "పోనివ్వండి సాయిబు గారూ. బండికి టైమైపోయి హడావిడిలో రాసుంటారు. ఒక్క ఆటే కదా."

వాడు నా తరఫున మాట్లాడటం నేను భరించలేకపోయాను. తప్పు చేసినవాడు ఎందుకు రంకెలు వేస్తాడో నాకు ఆరోజు తెలిసింది. "నీకేమయ్యా, పోనివ్వచ్చు! నీవి పధ్నాలుగు పడ్డాయి. ఆరు నెలలు ఈ గుమ్మం చుట్టూ తిరిగితే మావి అయిదంటే అయిదు పడ్డాయి. ఆ అయిదూ నేను కష్టపడి రాసిచ్చినవి" అన్నాను.

సాయిబు గారు చెయ్యి చాచి, అచ్చయిన వార్తల కాగితాలు గుచ్చిపెట్టే ఇనప ఊచను తడిమి నా ముందుకు జరిపారు. "మీ అయిదూ అందులోనే ఉంటాయి, చూసుకోండి" అన్నారు. తీశాను. బట్టల కొట్లో తానులకు కుట్టే అట్టముక్కల వెనక, పెన్సిలుతో, మా తోడల్లుడి వంకర అక్షరాలు. లెఫ్ట్ ఫ్రంట్ కుర్రవాడి ఎడమచేతి దెబ్బ వాడు చూసి రాసినదే. మావాళ్ళు తేరుకున్న తీరు వాడు మెచ్చుకున్నదే. ఆ అయిదూ వాళ్ళు మా చేతిలో ఓడిపోయిన రోజుల్లో రాసినవి. "ఈయన గెలిచినప్పుడు మర్నాడు వచ్చేవారు బాబూ. ఓడినప్పుడు మాత్రం ఆ సాయంత్రమే వచ్చి చెప్పేవారు. అందుకే గెలిచానంటే నేను ఇంకొకణ్ణి అడగలేదు" అన్నారు సాయిబు గారు. మా తోడల్లుడు సిగ్గుపడుతున్నట్టు గుమ్మం బయటికి చూస్తూ, "బాగా ఆడారు కదండీ మరి, చెప్పొద్దా?" అన్నాడు. అంతవరకు నేను అసూయపడింది వాడి పధ్నాలుగు వార్తల మీద. ఇప్పుడు నా అయిదు మీద కూడా పడవలసి వచ్చింది.

తర్వాత ఆయన నన్నే కాగితం తీసుకోమన్నారు. "నాకు కనపడదు, నేను చెబుతాను, మీరే రాయండి. 'మా బెజవాడ విలేకరి పొరపాటు వలన' అని మొదలుపెట్టండి." నేను పెన్ను ఆపి, నా పేరు వేయమని బతిమాలాను. "పత్రికవాళ్ళకు మీరెవరండీ? వాళ్ళకు తెలిసింది నేను. పన్నెండేళ్ళలో ఒక్క సవరణ పంపలేదు, ఇది మొదటిది. ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. రాయండి" అన్నారు. ఆ మూడు లైన్లూ నా చేత్తోనే రాశాను. అంకెలు సరిగ్గా వేశాను. లేవబోతుంటే ఇంకొక మాట అన్నారు. "ఇకమీదట మీ క్లబ్బు వార్త ఈయన చెబితేనే రాస్తాను. మీరు ఆయనకు చెప్పండి, ఆయన నాకు చెబుతారు." నా సంచిలో ఉన్న ఫారం పోస్టాఫీసుకు వెళ్ళలేదు. ఆ తప్పు వార్త రాసింది నేనేనని, దరఖాస్తు పంపలేదని మావాళ్ళతో చెప్పాను. లెఫ్ట్ ఫ్రంట్ కుర్రవాడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

పేపరువాళ్ళు సాయిబు గారిని ఉంచారు, కాని ఒక ఘాటైన ఉత్తరం వచ్చిందని విన్నాను. ఆయన అది ఎవరికీ చూపించలేదు. ఒన్ టౌన్ క్లబ్బుకు మద్రాసు పిలుపు వచ్చింది. ఈలోపు మేము గెలిచినా ఓడినా నేను వెళ్ళి బట్టల కొట్టు మెట్ల మీద నిలబడేవాణ్ణి. బేరం ముగిసేదాకా ఆగి, స్కోరు చెప్పేవాణ్ణి. వాడు అట్టముక్క మీద రాసుకుని, "ఇంకేమైనా ఉందా అన్నగారూ, ఎవరైనా బాగా ఆడారా?" అని అడిగేవాడు. అప్పటిదాకా అంకెలు రాస్తూ నేను ఆట చూడలేదు.

మద్రాసు బయలుదేరే రోజు వాడు స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, "అక్కణ్ణుంచి మీకు తంతి ఇస్తానండీ. సాయిబు గారికి మీరే చెప్పాలి. నేనే పంపానని చెబితే రాస్తారు" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసుకు తంతి వచ్చింది. మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఇరవై తొమ్మిది – పదకొండు, ఇరవై తొమ్మిది – పధ్నాలుగు. చిత్తుగా. ఆ కింద, అవతలి జట్టు సెంటరు అద్భుతంగా ఆడాడని, అతని పేరు, దానికి కూడా తంతి మాటల ఖర్చు పెట్టి. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను, మా మామగారిలాగే. సైకిలు తీసుకుని వంతెన దగ్గరికి వెళ్ళాను. సాయిబు గారి కళ్ళు అప్పటికి బాగైపోయాయి. భూతద్దం తీసి నా మొహంలోకి చూసి, "ఎవరి వార్త?" అన్నారు. చెప్పాను. స్కోరు చెప్పాను, అవతలి సెంటరు పేరు చెప్పాను. ఆయన నాలుగు లైన్లు రాసి నాకు వినిపించి, "సరిగ్గా ఉందా?" అని అడిగారు. నేను గెలిచిన వార్త ఎన్నిసార్లు ఇచ్చినా అడగని మాట అది. మర్నాటి నుంచి మా క్లబ్బు వార్త కూడా నన్నే తెమ్మన్నారు.

ఆ మధ్యాహ్నం, ఆ తంతి చదివినప్పుడు, నాకు సిగ్గు వేసింది. దానికంటే ముందు, తంతి విప్పిన మొదటి క్షణంలో, సంతోషం కూడా వేసింది. అయిదేళ్ళయింది. కాలం గడిచేకొద్దీ ఆ సంతోషం చల్లారి సిగ్గు మిగులుతుందనుకున్నాను. లెక్క తారుమారైంది, సిగ్గు ఏటికేడు పలచబడిపోతోంది, ఆ పదకొండు, పధ్నాలుగు అంకెలు మాత్రం నిన్న చూసినంత తియ్యగా ఉన్నాయి.